చిన్నక్క ఆదివారం లెక్క

చిన్నక్కకు చదువు రాదు. పర్ణశాల అవతల అడవిలో, పదిహేను ఇళ్ల మా కోయ పల్లెలో ప్రభువును నమ్ముకున్న ఇల్లు ఆమెదొక్కటే. మొగుడు లచ్చయ్య మిషను దవాఖానాలో నయమై వచ్చి ఆ దారి పట్టాడు, ఆమెనూ పట్టించాడు. మూడేళ్లకు ఆయన పోయాడు. ఆమె మాత్రం వదల్లేదు.

ఆదివారం పనికి పోయేది కాదు. పొద్దున్నే స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, లచ్చయ్య బైబిలు ఒళ్లో పెట్టుకునేది. చదవలేదు కాబట్టి వచ్చిన రెండు పాటలే మళ్లీ మళ్లీ పాడుకునేది. ఆ పాట అందుకునే ఇంకో గొంతు ఊళ్లో లేదు.

మా పల్లెలో క్యాలెండరు ఎవరికుంది? సంత ముందురోజు, సంత మర్నాడు, మాకు అంతే. చిన్నక్క కూడా బుధవారం సంత నుంచి నాలుగు రోజులు వేళ్ల మీద లెక్కపెట్టి ఆదివారం పట్టుకునేది. నెలకోసారి సైకిలు మీద వచ్చే పాస్టరు భీమయ్య ఆ లెక్క సరిచూసేవాడు.

ఎనభై ఆరులో గోదావరి పొంగి రోడ్డు తెగింది. భీమయ్య రాక ఆగిపోయింది. మూడు వారాలు గుట్ట మీద తలదాచుకోవడంతో చిన్నక్కకు రోజులు కలగాపులగమయ్యాయి. సంత మళ్లీ మొదలయ్యాక హమ్మయ్య అనుకుని వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

అవి కలుపు రోజులు. మా దగ్గర అందరం కలిసి ఒకరోజు ఒకరి చేలో, మర్నాడు ఇంకొకరి చేలో తీస్తాం. చిన్నక్క వారానికో రోజు రాకపోవడం పక్కింటి జంపక్కకు మంట.

"మేం నడుములిరగ్గొట్టుకుంటుంటే నువ్వు తెల్లచీర కట్టుకుని కూసుంటవ్. నీ చేలకు మేమెందుకు రావాలె?"

"ఆ ఒక్కరోజు దేవునిది వదినా. మిగతా రోజులు మీకంటే ముందే వస్తున్న గదా."

నాలుగు వారాలు ఇలాగే మాటలు పడింది. ఐదో వారం ఆమె పాడుకుంటుండగా బడి దగ్గర పిల్లల గోల వినిపించింది. వరదకు మూతపడిన బడి ఆ రోజే తెరిచారు. లేచి వెళ్లింది.

"ఆదివారం నాడు బడేంది సారూ?"

"ఆదివారమా? ఇయ్యాల శుక్రవారం, చిన్నక్కా."

"గట్లెట్లయితది? సంతయి నాలుగొద్దులాయె."

"వరదయినంక సంత సోమవారానికి మార్చిండ్రు గదా." పంతులు నవ్వాడు. "ఏ రోజైతే ఏంది? నీ దేవుడేమన్న హాజరు ఏసుకుంటుండా?"

ఆమె నవ్వలేదు. అంటే నాలుగు ఆదివారాలు బురదలో వంగి కలుపు తీసింది. తప్పిందని చెప్పే మనిషి ఊళ్లో ఒక్కరూ లేరు. ఎవరికీ ఆదివారంతో పనిలేదు మరి.

నోరు మూసుకుని శుక్రవారమే సాగిస్తే అడిగేవాళ్లు లేరు. పైగా ఎల్లుండి, అసలు ఆదివారం నాడు, వంతు ఆమె చేలోనే. సాయంత్రం జంపక్క ఇంటికి పోయి చెప్పేసింది.

"ఎల్లుండి నా చేలకు రాకుండ్రి వదినా. అసలు ఆదివారం అది."

"ఏందే, నీ దేవుడు రోజు మార్చుకున్నడా?"

"ఆయన మార్చలే. నేనే తప్పు లెక్కపెట్టిన."

"వంతు పోతే మళ్ల రాదు. చెప్తున్న."

"అవ్. నా కలుపు నేనే తీసుకుంట."

ఆదివారం తెల్లచీర కట్టుకుని కూర్చుంది. సోమవారం ఒక్కతే చేలో దిగింది. ముందు తీసుకుంటూ పోతుంటే వెనక మళ్లీ మొలిచేటట్టుంది ఆ కలుపు. ఊరంతా గట్టు మీదుగా సంతకు పోతోంది. జంపక్క ఒక్కతే ఆగింది.

"ఉప్పు గిట్ల తేవాల్నా?"

"పావుసేరు తే," అంది చిన్నక్క, నడుము ఎత్తకుండానే.