గుంట పడని చోటు

మా ఆయన మూడేళ్లు గరాజ్‌లోనే ఉన్నారు. అస్థికలు ఇంట్లోకి తేకూడదంటారు. బయట చెట్టుకు కడదామంటే మా కాలనీవాళ్లు నోటీసు పంపుతారు. అందుకని దీపావళి లైట్ల పక్కన, షెల్ఫ్ మీద, ఎర్రగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టాను.

నా చేతులతోనే గోదావరిలో కలుపుతానని ఆస్పత్రిలో ఆయనకు మాటిచ్చాను. లాయరేమో ఇప్పుడు దేశం దాటొద్దన్నాడు. తిరిగొచ్చేందుకు వీసా స్టాంపింగ్ దగ్గర ఆగిపోతే నా ఉద్యోగం, ఇక్కడే పుట్టిన పిల్ల చదువు, అన్నీ గంగపాలే. ఇక్కడే ట్రాయ్ ఊళ్లో ఉండే మరిదికి గ్రీన్‌కార్డ్ ఉంది, వెళ్లి రావడానికి ఇబ్బంది లేదు. తను తీసుకెళ్తానని ఎన్నిసార్లు అడిగినా నేను మొండికేసి, వచ్చే ఏడాది నేనే వెళ్తానన్నాను.

నాలుగో తరగతిలో పాపకి బంగారు గనుల కాలం మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. శాంటా క్లారా నుంచి ఓ శనివారం డ్రైవ్ చేసుకుంటూ ఆ గనులుండే కొండల్లోని చిన్న ఊరికి వెళ్లాం. ఊరి చివర చైనావాళ్ల పాత శ్మశానం. గడ్డిలో మనిషి పొడుగు గుంటలు. పాప ఒకదాంట్లో పడబోయింది. సమాధుల్ని ఇలా గాలికొదిలేశారేమిటని నాకు ఒళ్లు మండింది. అక్కడ గడ్డి పీకుతున్న చైనా పెద్దావిడతో అదే అన్నాను. ఆవిడ ముత్తాత ఆ ఊరి వాగులోనే బంగారం కడిగాడట.

ఆవిడ కోప్పడలేదు. అప్పట్లో పోయినవాళ్లని ముందు ఇక్కడ పాతిపెట్టేవారట. కొన్నేళ్లకు సొంతవాళ్లు తవ్వి, ఎముకలు శుభ్రం చేసి, పెట్టెలో సర్ది ఓడమీద సొంతూరికి పంపేవారట. తెల్లవాళ్లు గుడిసెలు తగలబెట్టి తరిమినా ఆ పని మాత్రం మానలేదట. గుంట ఉందంటే ఆ మనిషి ఇల్లు చేరినట్టే.

తర్వాత ఓ మూల చదునుగా ఉన్న నేల చూపించింది. "ఏడిస్తే ఇతని కోసం ఏడవాలి. ఎవరూ రాలేదు."

ఎందుకు రాలేదని అడిగాను.

"వచ్చే ఏడాది వద్దామనుకుని ఉంటారు," అంది.

నా మొహాన కొట్టినట్టయింది. కార్‌లో పాప, "అమ్మా, డాడీని కూడా ఎవరూ పికప్ చేయలేదు కదా?" అంది.

ఇంటికి రాగానే మరిదికి ఫోన్ చేసి, నువ్వే తీసుకెళ్లమన్నాను. సరే వదినా అన్నాడు, అంతే.

అతను వచ్చి తీసుకెళ్లాక షెల్ఫ్ మీద డబ్బా ఉన్నంతమేర దుమ్ము లేని చోటు మిగిలింది. పాప అందులో అరచెయ్యి ఆనించి, "ఇది డాడీ గుంటా?" అని అడిగింది.

అవునన్నాను. మాట తప్పినదాన్ని, ఆ సిమెంటు నేలమీదే కూర్చుని ఏడ్చాను.