ట్రేలో మూడు కప్పులు

2012 జూన్ 10వ తేదీ నాటికి 'రంగుపలక'లో పూర్తి సభ్యులు ఆరు వందల పన్నెండు మంది. వారిలో స్త్రీలు నలుగురు. ఆ నలుగురూ అప్పటికే సభ్యులైన మగవారికి భార్యలో, చెల్లెళ్లో. ఈ లెక్క మొదట తీసింది నేను కాదు, మేడ్చల్‌లో ఉండే రుఖియా. తరువాత, ఇదంతా రాసేముందు, నేను సరిచూశాను, తేడా రాలేదు.

రంగుపలక ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక. హైదరాబాదు చుట్టుపక్కల లేబుళ్లు, అట్టపెట్టెలు, కరపత్రాలు డిజైన్ చేసేవారు అక్కడ తమ పని చూపుకుంటారు, ఎదుటివారి పనిలో తప్పులు పడతారు. జీడిమెట్ల, తుర్కపల్లి కంపెనీలు కొత్త డిజైనర్ కావలసివస్తే అక్కడే అడుగుతాయి. వేదికను ఎవరైనా చూడవచ్చు. అయితే తమ పని చూపడానికైనా, వచ్చిన పనికి పోటీపడడానికైనా పూర్తి సభ్యత్వం తప్పనిసరి.

ఆ సభ్యత్వానికి ఒక పద్ధతి ఉంది. 2010లో ఎవరో ఒకతను ఇతరుల డిజైన్లను తనవిగా చూపి, పని సంపాదించుకొని మాయమయ్యాడు. అప్పటినుంచి కొత్తవారిని ఇద్దరు పాత సభ్యులు స్వయంగా కలవాలని, కలిసి చాయ్ తాగాలని నియమం పెట్టుకున్నారు. సికింద్రాబాదులో ఒక హోటలు, ఆదివారం, చీకటి పడ్డాక. చాయ్ తాగాక ఆ ఇద్దరూ వేదికలో ఒక్క ముక్క రాస్తారు: "చాయ్ అయింది. మనోడే." ఆ ముక్క పడనంతవరకు ఎవరైనా అతిథి మాత్రమే. స్త్రీలు రాకూడదని నియమంలో ఎక్కడా లేదు. ఆ హోటలుకు, ఆ వేళకు ఒంటరిగా వెళ్లగలిగిన స్త్రీ కూడా ఆ రెండేళ్లలో ఎవరూ లేరు.

రుఖియాకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. మేడ్చల్ బస్సు డిపో దగ్గరి ఒక ప్రెస్సులో ఆరేళ్లు పనిచేసింది. టైపు చేయడంతో మొదలుపెట్టి, పశువుల మందుల సీసాలకు లేబుళ్లు డిజైన్ చేసేదాకా వచ్చింది. ప్రతి లేబులు అడుగునా ప్రెస్సు పేరే ఉండేది. 2011 చివర ప్రెస్సు మూతపడింది. అక్కడి పాత కంప్యూటరును ఇంటికి తెచ్చుకొని ఒక్కతే పని మొదలుపెట్టింది. తమ్ముడు రిజ్వాన్ తుర్కపల్లి ల్యాబుల సిబ్బందిని చేరవేసే క్యాబు నడుపుతాడు. 2012 మే నెలలో అతనే కబురు తెచ్చాడు: ఒక ల్యాబు తన పశువుల మందులన్నిటికీ కొత్త లేబుళ్లు కోరుతున్నది. రంగుపలకలో ప్రకటించింది. గడువు జూలై 13.

ఆరేళ్లుగా ఆమె చేతిలో నలిగిన పనే అది. "గా ప్రెస్సుల జేసినయన్నీ ఎవ్వరికి సూపెట్టినా, ఇవి ప్రెస్సోళ్లు జేసినయి గదా అంటరు," అని ఆమె నాతో అంది. "గీ ఒక్కటి నా పేరు మీద జేస్తే, ఇగ ఎవ్వరు ఏమన్న అననీ."

అందుకే జూన్ 10న అతిథులు రాయగలిగిన ఒకే ఒక విభాగంలో ఆమె ఒక విన్నపం పెట్టింది. స్త్రీలను కలిసే చాయ్ పగటిపూట, వారి ఇంట్లోనో, పనిచేసే చోటో జరపాలని కోరింది. పైన తాను తీసిన లెక్క ఇచ్చింది. జవాబులు వెంటనే వచ్చాయి.

"మేడం, చాయ్‌తోని బిస్కెట్లు గూడ ఉంటయా?"

"ఇంటికి పిలుస్తుండ్రంటే బిర్యానీ పక్కా. నా పేరు రాసుకోండ్రి."

"లెక్కలు మంచిగ జేసిండ్రు. డిజైన్ గూడ గిట్లనే జేస్తరా, లేక లెక్కలేనా?"

నాలుగో రోజున చక్రపాణి రాశాడు. వేదికను నడిపేది అతనే. నలభై దాటిన మనిషి, అట్టపెట్టెల డిజైన్‌లో పేరున్నవాడు. "వెక్కిరింపులు ఆపండి. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉన్నది. ఒక్కసారి మేడ్చల్ పోయి చూస్తం. కుదిరితే అందరు ఆడవాళ్లకు అదే పద్ధతి."

ఆ జవాబును రుఖియా శామీర్‌పేటలోని క్రిస్టీనాకు ఫోనులో చదివి వినిపించింది. క్రిస్టీనా చర్చి పండుగల కాగితాలు, పెళ్లి కార్డులు డిజైన్ చేస్తుంది. తండ్రి లేడు, తోబుట్టువులు లేరు, తల్లి దానమ్మతో ఉంటుంది. ఇద్దరికీ పరిచయమైంది ఆ వేదికలోనే, అతిథులుగానే. "ముందుగాల నువ్వు దాటు అక్కా," అంది క్రిస్టీనా, "నీ ఎన్కనే నేనొస్త."

జూలై 8, ఆదివారం పదకొండు గంటలకు చక్రపాణి, ఫిలిప్ వచ్చారు. ఫిలిప్ జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ కంపెనీ డిజైనరు, మితభాషి. పరాయి మగవాళ్లు వస్తున్నారని రిజ్వాన్ ఆ పూట సెలవు పెట్టాడు. తాను ఇంట్లో లేకపోతే ఆపాకు, అంటే అక్కకు, మాట వస్తుందని అతని భయం.

రుఖియా దుపట్టా సర్దుకొని తఖ్తు బల్ల మీద లేబుళ్లు పరిచింది. "గిది గొడ్ల మందుది సార్. పొలంల తడిచేతులతోని వడుతరు. గందుకే అక్షరాలు పెద్దగ జేసిన."

ఫిలిప్ లేబులును చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. తరువాత రిజ్వాన్ వైపు తిరిగాడు. "మంచిగ కుదిరింది భాయ్. కాయితం ఏ రకం?"

రిజ్వాన్ అక్క వైపు చూశాడు. రుఖియా కాగితం రకం చెప్పింది. ఫిలిప్ రిజ్వాన్ వైపే చూసి తలూపాడు. తమ్ముడు ఎదురుగా ఉండగా అక్కతో సూటిగా మాట్లాడడం, ముఖం వైపు చూడడం అతని దృష్టిలో అమర్యాద. ఆ గదిలో ఉన్న నలుగురికీ అది మర్యాదగానే తోచింది, రుఖియాతో సహా.

"అన్నీ మంచిగున్నయి గని," అన్నాడు చక్రపాణి నవ్వుతూ, "చాయ్ వడకుంటే ఏదీ లెక్కలకు రాదు."

రుఖియా వంటింట్లోకి వెళ్లింది. ఆమె చాయ్ మరిగిస్తున్నంతసేపూ ముందుగదిలో సంభాషణ సాగింది. ఏయే కంపెనీలతో పరిచయం ఉందని చక్రపాణి అడిగాడు. "తుర్కపల్లిల నాకు ఎరుకలేని గేటు లేదు సార్. డైలీ పోతనే ఉంట," అన్నాడు రిజ్వాన్. అది క్యాబు నడిపేవాడి నిజం. అక్కకు మేలు జరుగుతుందనే చెప్పాడు.

రుఖియా ట్రే తెచ్చింది. అందులో మూడు కప్పులు ఉన్నాయి. వారికి అందించి, గుమ్మం పక్కన నిలబడింది.

"నాలుగోది వెట్టాలన్న సోయి గూడ రాలే," అని ఆమె తరువాత నాకు చెప్పింది. "మా ఇంటికొచ్చినోళ్లతోని కూసోని నేనెన్నడన్న చాయ్ తాగిన్నా?"

మరునాడు రంగుపలకలో ఆ ముక్క పడింది: "చాయ్ అయింది. మనోడే. రిజ్వాన్, మేడ్చల్."

పొరపాటు పడిందనుకొని ఆమె చక్రపాణికి ఫోను చేసింది.

"తప్పేం లేదమ్మా. మేం చాయ్ తాగింది ఎవరితోని? రిజ్వాన్‌తోనే గద."

"చాయ్ వెట్టింది నేను సార్."

"మస్తుండె చాయ్. ఇప్పటికీ నోట్లెనే ఉన్నది."

"లేబుళ్లు జేసింది గూడ నేనే."

"ఎవరు కాదన్నరు తల్లీ? ఒకటే ఇల్లు, ఒకటే కంప్యూటరు. తమ్ముని పేరు మీద జేసుకో. నీక్కూడ ఎవడెవడో ఫోన్లు జేసే పరేషాన్ ఉండది."

"ఇంకొక్కసారి రండి సార్. ఈసారి మీ ఎదురుంగ కూసుంట."

"ఒక్క ఇంటికి రెండుసార్లు మేడ్చల్ దాకా ఎవరొస్తరమ్మా? పేరు మార్చాలంటే సభ్యుడే రాయాలె. రిజ్వాన్‌ను రాయమను."

రిజ్వాన్ రాశాడు. తుర్కపల్లిలో ల్యాబు గేటు ముందు క్యాబు ఆపుకొని, ఫోనులో అక్షరం అక్షరం వెతుక్కొని రాశాడు: "సార్ నాకు డిజైన్ రాదు. నేను క్యాబ్ నడుపుత. పనంత మా ఆపాది. ఆమె పేరు వెట్టుండ్రి."

కింద జవాబులు బారులు తీరాయి. "క్యాబ్ నడుపుకుంట గీ లెవల్ల డిజైనా! సలాం భాయ్." "ఇంత వినయం నేనెక్కడా చూడలే." "అక్క మీద ప్రేమంటే గిట్లుండాలె." లేబులును చేతిలో పట్టుకొని అంతసేపు చూసిన ఫిలిప్ మాత్రం ఏమీ రాయలేదు.

"నిజం జెప్తె మెచ్చుకుంటుండ్రు ఆపా," అన్నాడు రిజ్వాన్ ఇంటికి వచ్చి. "ఇగ ఏం జెప్పాలె?"

రుఖియా ల్యాబుకు తన పేరుతో నేరుగా ఉత్తరం రాసింది. రంగుపలక ద్వారా మాత్రమే నమూనాలు తీసుకుంటామని జవాబు వచ్చింది. గడువు రోజు మధ్యాహ్నం ఆమె నమూనాలను రిజ్వాన్ సభ్యత్వం మీదనే పంపింది. డిజైనరు పేరు రాయవలసిన చోట వేదిక తనంతట తానే అతని పేరు నింపింది.

ఆ మరుసటి వారం మూడు సంగతులు జరిగాయి. సోమవారం చక్రపాణి వేదికలో అన్నిటికన్నా పైన ఒక ప్రకటన నిలిపాడు: మహిళల కోసం మేడ్చల్‌లో చేసిన ప్రయత్నం విజయవంతమైంది, ఇకపై మహిళలు తమ ఇంటి మగవారి సభ్యత్వం ద్వారా పాల్గొనవచ్చు, ఇళ్లకు వెళ్లవలసిన అవసరం తీరిపోయింది. అందులో రుఖియా పేరు లేదు.

బుధవారం ల్యాబు వాళ్లు పని ఖాయం చేసి, ఖాళీ సీసాల డబ్బాను గేటు దగ్గర రిజ్వాన్ చేతికే ఇచ్చారు. "ఆపా, నాకు పనొచ్చింది," అని నవ్వుతూ ఇంట్లోకి వచ్చిన రిజ్వాన్, ఆమె ముఖం చూసి, డబ్బాను కంప్యూటరు పక్కన పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

గురువారం క్రిస్టీనా ఫోను చేసింది. సభ్యత్వం అడిగితే ఇంటి మగవారి పేరు పంపమన్నారని చెప్పింది.

"నాకెవరున్నరక్కా? మీ తమ్ముణ్ని నా తమ్ముడని రాయాల్నా?"

రుఖియా "రాయి," అంది.

శనివారం క్రిస్టీనాకు జవాబు వచ్చింది. ఒక మనిషి పేరు మీద ఒకే సభ్యత్వం ఇస్తారట. రిజ్వాన్ గారు ఇప్పటికే సభ్యులట.