ఆగమని నేనిచ్చిన సలహా

ఇవాళ మధ్యాహ్నం పరమట్టాలోని మా ఆఫీసులో కొత్త టీమ్ లీడ్ పేరు ప్రకటించారు. లియామ్. చేరి ఏడాదిన్నర అయింది. అతనికి పని నేర్పింది స్వప్న. నెల్లూరమ్మాయి, మా టీమ్‌లో నాలుగేళ్ళుగా ఉంది.

చప్పట్లు అయ్యాక కిచెన్‌లో లియామ్‌ని అభినందించాను. "ప్రకటనలో వాళ్ళడిగిన వాటిలో సగం కూడా నాకు రావు. పోయేదేముంది, అప్లై చేసి చూద్దామనుకున్నాను" అని ఇంగ్లిష్‌లో చెప్పి హాయిగా నవ్వేశాడు.

స్వప్న అసలు అప్లై చేయలేదు. కారణం నేనే. పోయిన నెల ఆ పోస్టు ప్రకటన పట్టుకొచ్చి, చేయమంటారా అని నన్నడిగింది. అందులో ఒక్క అర్హత తనకు లేదని, ఇంకో ఏడాది ఆగితే మంచిదని చెప్పాను. పెద్దదాన్ని కదా, నమ్మింది.

సాయంత్రం ఇద్దరం స్టేషన్‌కి నడుస్తుంటే ఉండబట్టలేక, "సారీ స్వప్నా, నిన్ను అప్లై చేయమనాల్సింది" అన్నాను.

"పర్లేదులే అక్కా. రేపట్నుంచి లియామ్‌కి లీడ్ పనిలో ట్రైనింగ్ కూడా నేనే ఇవ్వాలంట." నా వైపు తిరిగి అడిగింది. "మీరెప్పుడన్నా అప్లై చేశారా అక్కా?"

పదకొండేళ్ళుగా ఒకే ఉద్యోగంలో ఉన్నాను. ఒక్కసారీ చేయలేదు. నన్నెవరూ ఆపనూ లేదు. ఆ మాటే చెప్పాను.

రైలెక్కాక స్వప్న నాకు దూరంగా వేరే సీట్లో కూర్చుంది.

నా భయానికి అనుభవం అని పేరు పెట్టి ఆ పిల్లకు అంటగట్టాను. మీరూ ఎవరికైనా ఇలాంటి సలహా ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి వెనక్కి తీసుకోండి.