గరిటెడు గంజితో లేచిన కట్ట కాదది

నా చిన్నతనంలో... అమ్మ పొద్దున్నే వాకిట్లో కూర్చుని మట్టిగాజులకు దారం చుట్టుకునేది. చెయ్యి సన్నబడి గాజులు జారిపోతుంటే, తీసి పక్కన పెట్టడం అశుభమని, లోపలివైపు దారం చుట్టి బిగుతు చేసుకునేది. కొన్నాళ్లకు మళ్లీ వదులు... మళ్లీ దారం.

అది కరువు కాలం. మాది నల్లమాడ వైపు ఊరు. చెనక్కాయ పైరు మొలిచినచోటే మాడిపోయింది. సర్కారు కరువు పని పెట్టింది. చెరువు కట్ట ఎత్తు చేయాలి. నాయన గుంతలో మట్టి తవ్వేవాడు, అమ్మ గంపతో కట్ట మీదికి మోసేది. మధ్యాహ్నం మనిషికి ఒక గరిటె జొన్నగంజి. నేను తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో చెల్లెల్ని ఊపుతూ కూర్చునేవాణ్ని. దానికింకా ఏడాది నిండలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఇక్కడే, ఈ గ్రూపులోనే ఒకాయన ఆ కట్ట ఫొటో పెట్టాడు. "మా నాన్నగారి హయాంలో కట్టించింది. గరిటెడు గంజి తాగి ఇంత కట్ట లేపారు. ఆ కాలపు మనుషుల బలమే వేరు!" అని రాశాడు. కింద అందరూ దండాలు, చప్పట్లు. ఆ నాన్నగారు ఆ పనికి ఓవర్సీరు. ఆయనకివ్వాల్సిన జవాబు ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. కొడుక్కి ఇస్తున్నాను.

అయ్యా, మీ నాన్నగారికి లెక్క రాదని నేననను. తవ్విన గుంత మధ్యలో ఒక మట్టిదిమ్మె వదిలించేవాడు. మొదట నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మె చెబుతుంది. దాని పక్కన కొలబద్ద ఆనించి ఎంత తవ్వారో చూసేవాడు. గుంతలో తగ్గిందే కట్ట మీద పెరిగిందని ఆయనకు బాగా తెలుసు. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లెక్క మరిచేవాడు.

పాలు చాలక చెల్లెలి ఏడుపు కూడా సన్నబడింది. ఒకరోజు అమ్మ గంప దించి నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"సామీ, ఇంగో గరిటె గంజి పోయించండి. బిడ్డకు పాలు ఇంకిపోతాండాయి."

"ఏమ్మే ఓబుళమ్మా, నిన్నటిదాకా ఒగ గరిటెతోనే గదా మోసినావు? నిన్న చాలినాది ఈ పొద్దు యాల చాలదు?"

నాయన గుంతలోంచే అన్నాడు... "ఊరుకో మే! ఉండే పని గూడా పోతాది."

అమ్మ ఊరుకోలేదు. అందరి ముందూ గాజుల దారం విప్పింది. చెయ్యి కిందికి వదిలింది. గాజులు వాటంతట అవే జారి మట్టిలో పడ్డాయి. ముత్తయిదువ చెయ్యి బోసిగా... నాయన మొహం తిప్పుకున్నాడు.

"ఇవి తొడిగేటప్పుడు గాజులాయన చెయ్యి పిసికి పిసికి ఎక్కించినాడు సామీ. ఆ చెయ్యి యాడికి పోయినాది? నీ కట్టలోకే గదా పోయినాది!"

ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను. అన్నిటిలోనూ ఉన్నది అదే మాట. శక్తి ఊరికే పుట్టదు, ఊరికే పోదు, రూపం మారుతుంది. యంత్రానికే కాదు... ఎద్దుకూ, చీమకూ, బాలింతకూ అదే నియమం. గంప ఎత్తిన సత్తువ, ఒంటి వేడి, బిడ్డకిచ్చే పాలు... అన్నీ తిన్న దాంట్లోంచే రావాలి. గంజిలోంచి రానిది ఒంట్లోంచి వస్తుంది. ముందు కొవ్వు, ఆ తర్వాత కండ. దీపంలో నూనె అయిపోయాక వత్తి కాలుతుంది కదా, అట్లా. వత్తి కాలుతుంటే చూసి, ఆహా, నూనె లేకుండానే వెలుగుతోందని మెచ్చుకుంటున్నారు మీరు.

మరుసటి రోజు అందరికీ రెండు గరిటెలు పోశారు. మా పక్కింటి ముసలామె సుంకమ్మవ్వ గిన్నెలోకి వంగి చూసింది.

"ఏమప్పా, గంజి పోసినావా, అద్దం పోసినావా? నా మొగం కనపడతాంది. చూసుకోని బొట్టు పెట్టుకునేదా?"

పిండి పాత కొలతే. నీళ్లు రెండింతలు.

"రెండు గరిటెలు అడిగినారు, పోయించినా. ఇంగేం గావల్ల?" అన్నాడు ఓవర్సీరు.

"నీళ్లయితే బాయికాడ తాగుతాం గదప్పా, దానికి నీ గరిటె ఎందుకు?"

ఆడవాళ్లంతా గంపలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. హాజరు మస్టర్లో పేర్లు కొట్టేస్తానని ఆయన అరిచాడు.

"కొట్టేయ్ సామీ," అంది అమ్మ. "మట్టి నువ్వే మోసుకో."

ఈసారి నాయన ఊరుకోమనలేదు. పార పక్కన పడేసి, గుంతలోంచి పైకొచ్చి, అమ్మ పక్కన కూర్చున్నాడు. తక్కిన మగవాళ్లూ వచ్చారు. పొద్దు గూకేదాకా కట్ట మీద తట్టెడు మట్టి పడలేదు. పెద్దాఫీసర్లు చూడ్డానికి వచ్చే వారమది... తెల్లారి పిండి మూట మా కళ్లముందే విప్పారు. గంజి గరిటెకు అంటుకునేంత చిక్కగా వచ్చింది.

మా చెల్లెలు బతికింది. ఇవాళ్టికీ నాతో పోట్లాడుతూనే ఉంది. అమ్మ మాత్రం ఆ గాజులు ఏరి, మన్ను తుడిచి, మళ్లీ దారం చుట్టి తొడుక్కుంది. ఆ చెయ్యి మళ్లీ నిండలేదు... పోయేదాకా ఆ దారం విప్పాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఆ కట్ట మీద పొద్దున్నే జనం నడుస్తున్నారు... ఒళ్లు కరగాలని. ఎంత కరిగిందో చేతి వాచీ చెబుతుందట. మా అమ్మకు గాజు చెప్పేది.

మీ ఊళ్లోనూ ఒక కట్టో, రోడ్డో, బావో ఉండే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరి ఒళ్లు అందులోకి పోయిందో కింద రాయండి. వాళ్ల బలం గురించి వద్దు... వాళ్లకు ఏం పెట్టారో రాయండి.