గాజు గణపతికి ఉద్వాసన

కుడుముల గిన్నె పట్టుకుని భజన మందిరానికి తిరిగొచ్చేసరికి నా గణపతి నుదుట కుంకుమ ఉంది. మెడలో గరిక మాల ఉంది. పంతులుగారు దర్భతో ఆయన గుండెను తాకి ప్రాణప్రతిష్ఠ మంత్రం ముగిస్తున్నారు. గుమ్మంలోనే నిలబడిపోయాను. గిన్నె చేతులు కాలుస్తున్న సంగతి కూడా కాసేపటికి గాని తెలియలేదు.

ఆ విగ్రహం పూజకని చేసింది కాదు. నేను గాజుతో శిల్పాలు చేస్తాను. ఈ హిందీవాళ్ల ఊళ్లో, తార్‌బహార్ రైల్వే పేటలో, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో కరెంటు కొలిమి ఉంది. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ ప్లాస్టర్ అచ్చు పోసి, మైనం కరిగించేసి, ఆ ఖాళీలో గాజు ముక్కలు నింపి కరిగిస్తాను. కరగడం తొందరగానే అవుతుంది. చల్లారడమే రోజుల తరబడి సాగాలి. తొందరపడితే లోపల చిక్కుకున్న వేడి బొమ్మను చీలుస్తుంది. ఈ గణపతి అలా చీలి, మళ్లీ చీలి, చివరికి నిలిచాడు. చంటిబిడ్డంత ఉంటాడు గాని ఒక్కరి చేతికి లేవడు. ఒంటిని మెరుగు పెట్టకుండా అచ్చులోని గరుకుతోనే ఉంచాను. మంచు పట్టినట్టు తెల్లగా కనబడేవాడు.

చిన్నప్పుడు మా నాన్న రైల్వే డ్యూటీ నుంచి పగిలిన సిగ్నల్ దీపం అద్దం ఒకటి తెచ్చారు. దాన్ని ఎండకు పట్టి చూసిన రోజు నుంచి గాజు మీద మనసు పోయింది. పెద్దయ్యాక సత్సంగంలో అంతర్యామి అన్న మాట విన్నాను. లోపలే ఉంటాడు, కంటికి కనబడడు. కనబడనివాడిని ఎలా చేసి చూపించాలి? గిన్నెలు చేసినా, పక్షులు చేసినా నా మనసులో ఉన్నది ఆ ప్రశ్నే. ఈ గణపతి దానికి జవాబు అనుకున్నాను. ఊరి చివర కోనిలో శిల్పులంతా కలిసి పెట్టే ప్రదర్శనలో మధ్య చోటు నాకిస్తామన్నారు. అలాంటి చోటు నాకు దొరకడం అదే మొదలు.

మా భజన మండలి పెద్ద రిటైరైన రైల్వే గార్డు. ఊరందరికీ తాతే. “చవితినాడు పక్కబల్ల మీద పెట్టమ్మా, మనోళ్లందరూ చూస్తారు” అన్నాడు. పెట్టాను. నేను చేసింది అంతే.

“తాతా, ఏటిది?” అన్నాను, మంత్రం ఆగాక.

“ఆటోలోంచి దించుతుంటే మట్టి సామి తొండం ఇరిగిపోనాదే అమ్మా. ఇరిగిన సామికి పూజేటి చేస్తాం? ముహూర్తం దాటిపోతంది. నీ సామి పక్కనే కూకున్నాడు కదా.”

“నన్నొక మాట అడగొద్దా?”

“సామిని కూకోబెట్టడానికి నిన్నడగాలేటే?”

వెనక నుంచి ఒక పిన్ని అందుకుంది. “నీకు పుణ్యం, మాకు సామి. ఇంకేటి కావాలే నీకు?” ఆడవాళ్లంతా నవ్వారు.

కోపం తన్నుకొచ్చింది. మరుక్షణం సాష్టాంగపడ్డాను. ప్రాణప్రతిష్ఠ జరిగిన మూర్తి ఎదుట పేచీ పెట్టడం నాకు చేతకాదు. నేను గీకి, రుద్ది, కొలిమిలో కాల్చిన గాజు ఇప్పుడు నా గాజు కాదు. నేల మీద నుదురు ఆనించి ఉండగానే అర్థమైంది, పూజందుకున్న మట్టి గణపతిని చివరికి ఏం చేస్తామో.

నిమజ్జనం రోజు పొద్దున్నే పంతులుగారిని పట్టుకున్నాను.

“వెండి గణపతిని నీళ్లలో కలుపుతున్నామా? కాస్త కదిపి ఉద్వాసన చెప్పి బీరువాలో పెట్టుకుంటాం. నా సామికీ అంతే చెయ్యండి.”

“వెండికి చెప్పారమ్మా, రాతికి చెప్పారు. గాజు సంగతి నేనెక్కడా చదవలేదు.”

“గాజంటే ఇసకే కదా, నువ్వే చెప్పేవు మొన్న” అన్నాడు పక్కనే ఉన్న తాత. “ఇసకంటే మట్టి జాతే. అర్పా ఏట్లో ఒగ్గేద్దాం. ఇసక ఇసకలో కలిసిపోద్ది.”

“కలవదు తాతా. నీ మునిమనవడి కాలికి గుచ్చుకుంటాది.”

“అచ్ఛా! మరైతే పూజలందుకున్న సామిని కోని అట్టుకెళ్లి బల్ల మీద పెడతావా? చెప్పులేసుకుని వచ్చి సెల్ఫీలు తీసుకుంటారు, చూసుకో.”

అదే భయం నాకూ ఉంది.

చివరికి పంతులుగారే దారి చెప్పారు. మందిరం వెనక సిమెంటు తొట్టిలో కుళాయి నీళ్లు నింపి, అందులో ముంచి ఉద్వాసన చెబుతారు. ఆ తర్వాత పైకి తీయడమూ మానడమూ నా ఇష్టం. “ముంచిన సామిని మళ్లీ లాగుతారేటి, నూతిలోంచి బాల్టీలాగ?” అని తాత గొణిగాడు గాని, ఎదురు చెప్పలేదు.

సాయంత్రం గరిక మాల తీసేసి, ఒక పక్క నేను, ఒక పక్క లోకో షెడ్డు నుంచి అటే వచ్చిన మా ఆయన, గణపతిని నీళ్లలోకి దించాం. పాదాలు మునిగాయి. పాదాలు లేవు. బొజ్జ మునిగింది. బొజ్జ లేదు. చిన్న ముక్కలను తడిపినప్పుడు తెలుపు పోయి స్వచ్ఛంగా అవడం చూశాను గాని, ఇంత శిల్పాన్ని నిండా ముంచి చూసింది ఏనాడూ లేదు. తల కూడా లోపలికి వెళ్లాక తొట్టిలో నీళ్లే ఉన్నాయి, అడుగున సిమెంటు గీతలు ఉన్నాయి. నా చేతుల్లో మాత్రం బరువు అలాగే ఉంది. నుదుటి కుంకుమ ఒక్కటే నీళ్ల మధ్య ఎర్రగా, దేనికీ అంటకుండా నిలబడింది. కాసేపటికి అదీ పొగలా విడిపోయింది.

“అయ్యబాబోయ్, సామేడీ?” అంది పిన్ని.

పంతులుగారు మంత్రం మధ్యలో ఆగిపోయారు. ఇన్నేళ్లు కనబడనివాడిని కనబడేలా చేయాలని తంటాలు పడ్డాను. నేను చేయనిది నా చేతుల్లో ఉంది.

మర్నాడు పొద్దున తొట్టి గోడ మీద తాత కూర్చుని ఉన్నాడు. “తీస్తావా?” అన్నాడు. మా ఆయనా నేనూ కలిసి తీశాం. అక్కడే పక్కన సిద్ధంగా ఉంచిన చేపల తొట్టిలో మంచి నీళ్లు పోసి అందులోకి దించాం. పైకి తెచ్చి బల్ల మీద పెట్టడానికి ఇక మనసు ఒప్పలేదు.

కోనిలో మధ్య చోటులో ఆ నీళ్ల తొట్టే పెట్టాను. జనం వచ్చి చూసి, “ఇస్‌మే తో కుఛ్ హై హీ నహీఁ”, ఇందులో ఏమీ లేదే, అనుకుంటూ పక్కకు వెళ్లేవారు. ముట్టుకోకూడదన్న కార్డు ఎవరో పెట్టారు, తీసేశాను. మూడొంతుల మంది ఆగనే లేదు. పిచ్చి పని చేశానేమో అనిపించింది.

తాత కూడా వచ్చాడు. చెప్పులు తలుపు బయటే విడిచాడు. తొట్టి చుట్టూ తిరిగి, నా మొహం చూసి, చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దాకా నీళ్లలో పెట్టాడు. చెయ్యి ఆగింది. కళ్లు మూసుకుని తొండం మీదుగా, బొజ్జ మీదుగా, మెల్లగా మళ్లీ పైకి తడుముకుంటూ పోయాడు. అటుగా వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే నిలబడ్డారు.

“ఏటే అమ్మా,” అన్నాడు కళ్లు తెరవకుండానే, “ఎడం చెవి కాడ మరీ గరుగ్గా ఒగ్గేసేవేటి?”