ఐసు ఫ్యాక్టరీ మీద నేను మార్చిన మాట

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. చేప ముల్లయితే అన్నం ముద్దతో దిగిపోయేది. ఇది దిగలేదు. పాస్టరు గారికి చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. నీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకు.

విడవలూరు వైపు రొయ్యల రైతులు తలా ఒక వాటా వేసి పెట్టుకున్న కంపెనీ మాది. ఆఫీసు పని నాది. ఏటా సర్వసభ్య సమావేశం వస్తుంది, సరిగ్గా అదే వారంలో గుంటల్లో రొయ్యల పట్టుబడీ వస్తుంది. గుంట వదిలి ఎవరొస్తారు? అందుకని తమ బదులు ఓటేయమని ప్రాక్సీ కాగితం మీద సంతకం పెట్టి, అవును కాదు గడులు ఖాళీగా వదిలి, నా బల్ల మీద పడేసి పోతారు. బ్యాంకు వాళ్లకైనా ఖాళీ సంతకం ఇవ్వని మనుషులు, నాకిస్తారు. అది నా గర్వం, కాదనను.

నోటీసులోని ఇంగ్లీషు ఎవరికీ కొరుకుడు పడదని ఏఐని తెచ్చింది కూడా నేనే. తీర్మానం అందులో పెడితే తెలుగులో విడమరిచి, ఓటు ఎటు వేస్తే మేలో కారణాలతో చెబుతుంది. ఆ కాగితం ఆఫీసు నోటీసు బోర్డుకు అంటిస్తాను. మొదటిసారే, ఒక డైరెక్టరు తన బావమరిది మేత కొట్టుకే కాంట్రాక్టు ఇప్పించబోతున్నాడని పసిగట్టింది. ఇక అందరికీ దాని మాటే మాట.

మరుసటి ఏడు కంపెనీ ఐసు ఫ్యాక్టరీని బయటివాడికి లీజుకివ్వాలన్న తీర్మానం వచ్చింది. ఏఐ 'అనుకూలంగా ఓటేయండి' అంది. యంత్రాలు పాతవట, మరమ్మతులు భారమట. నాకు ఒళ్లు మండింది. దానికేం తెలుసు? కరెంటు పోయి, పట్టిన రొయ్య గట్టు మీద ఎండుతుంటే, బయటివాడు ముందు పెద్ద గుంటల వాళ్లకే ఐసు పోస్తాడని ఏ నోటీసులో రాస్తారు? నాకు తెలుసు. ఆ మాట కొట్టేసి 'వ్యతిరేకించండి' అని టైపు చేశాను. కారణాలూ నేనే రాశాను. పైన ఏఐ పేరు అలాగే ఉంచాను.

సులోచనక్క వచ్చింది. భర్త పోయాక రెండు గుంటలు ఒంటిచేత్తో సాకుతున్న మనిషి.

"ఏమ్మే, ఏమంటాది నీ మిషను?"

"వద్దంటోంది అక్కా."

"నేను ఇచ్చేద్దామనుకున్నానే! సర్లే, దానికేమన్నా చుట్టాలా పక్కాలా, నిజమే చెప్తాది. వేలిముద్ర ఏసినాను, నువ్వే నింపుకో."

నింపాను. ఆమెదే కాదు, బల్ల మీదున్నవన్నీ. తీర్మానం వీగిపోయింది.

ఆ తర్వాత తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేదు. మా ఫ్యాక్టరీ జనరేటరు మీద నడిచింది. వరస తప్పకుండా చిన్న గుంటలకూ ఐసు అందింది. సులోచనక్క రొయ్య ఒక్కటి చెడలేదు. "మిషను భలే చెప్పినాదే!" అన్నారంతా. అది మిషను తెలివి కాదు, నా తెలివి అని అరవాలనిపించింది. ఇప్పటికీ తలెత్తుకునే చెబుతాను, నా అంచనా తప్పలేదు.

మరి ఈ ముల్లేమిటి? నా మాటగానే ఎందుకు చెప్పలేదు? టైపు కొట్టే మనిషి మాట ఎవరు వింటారులే అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఖాళీ సంతకాలిచ్చిన వాళ్లు వినకపోతారా? వినేవాళ్లే. విన్నాక, "మీ ఆయన పని కోసమామ్మే?" అని ఒక్క మాట అడిగేవాళ్లు. ఆ ఫ్యాక్టరీలో మెకానిక్కు మా ఆయన. బయటివాడొస్తే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, మా ఆయన ఇంట్లో కూర్చుంటాడు. ఆ రోజు నా వేళ్లు కదిలింది సులోచనక్క రొయ్యల కోసమా, మా ఇంటి కోసమా? ఎంత తవ్వుకున్నా నాకే తెలియదు. ఓటు మంచిదే. కానీ అది ఆమె ఓటు.

క్షమించమని అడగను. అడగడం నాకు చేతకాదు. చెప్పేశాను, ఈ పూట అన్నం దిగేలా ఉంది. మిషనుకు చుట్టాలు లేరన్నావు సులోచనక్కా, నిజమే. నాకు మొగుడున్నాడు, ఆ ఐసు ఫ్యాక్టరీలోనే.