పేపర్లో మాయమైన ‘అంట’

పేపర్లో అచ్చయిన మాట ఆధారమని మీరు ఏం చూసి నమ్మారు? నేను ఏమీ చూడకుండానే నమ్మాను. దాని ఫలితం ఒక పల్లె దాహంతో అనుభవించింది.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఏప్రిల్‌లో, నన్ను అనంతపురంలో ఒక తాగునీటి కార్యాలయానికి సూపరింటెండెంటుగా వేశారు. పత్రికల కత్తిరింపుల రిజిస్టరు నా బాధ్యత. కళ్లారా చూసి రాసిన వార్త ‘ప్రాథమిక ఆధారం’. దానిమీద వెంటనే చర్య తీసుకోవచ్చు. ఒకరు చెప్పగా రాసింది ‘ద్వితీయం’. ముందు మనిషిని పంపి విచారించాలి.

విడపనకల్లు వైపు ఒక పల్లెలో కొత్త బోరులో నీళ్లు పడ్డాయని వార్త వచ్చింది. పైన పల్లె పేరు, కింద విలేకరి పేరు. వెళ్లి చూసే రాశాడనుకుని ‘ప్రాథమికం’ ముద్ర వేశాను. మరునాడే ఆ పల్లెకు వెళ్లే నీళ్ల ట్యాంకరు ఆపేశారు.

మూడో రోజు సుంకమ్మ అనే వేరుశనగ రైతు ఆ పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, ఖాళీ బిందె నా బల్లమీద పెట్టింది.

“యాడ పడినాయో చూపిచ్చు సారూ, ముంచుకొని పోతా.”

వార్తలో ‘నీళ్లు పడినాయి’ అని ఆమె పేరుతోనే ఉందని చదివి వినిపించాను.

“నేను పడినాయంట అంటి. బోరు లారీ డ్రైవరు చెప్తే ఇన్న్యా. ఊరికి పోయి చూస్తే దుమ్మే. నా ‘అంట’ను ఎవురు మింగినారప్పా?”

విలేకరికి ఫోన్ చేశాను. ఆమెను బస్టాండులో కలిశాడట, పల్లెకు పోనేలేదట. ‘అంట’ అని రాస్తే వార్తకు బలం ఉండదని తీసేశానని నింపాదిగా చెప్పాడు.

మా ఇంజినీరు ఇంకో మెట్టు పైకెక్కాడు. ప్రాథమిక ఆధారాన్ని కొట్టేయాలంటే మరో ప్రాథమిక ఆధారం కావాలట. నీళ్లు లేవని ఏ పేపర్లోనైనా వచ్చిందా అని అడిగాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఆయనకు ఆధారం కాదు.

“మేం సచ్చినాక వస్తాది లే సారూ, పేపర్లో” అంది సుంకమ్మ.

ఆమెను జీపులో ఎక్కించుకుని పల్లెకు పోయాను. బోరు గొట్టంలోకి తాడు కట్టిన బరువు దించి పైకి తీశాం. తాడుకు దుమ్ము తప్ప తడి లేదు. అక్కడే పంచనామా రాసి ఊరివాళ్ల సంతకాలు తీసుకున్నాను. రిజిస్టరులో నా ముద్రను నేనే కొట్టేశాను. ట్యాంకరు ఐదో రోజు కదిలింది. అప్పటిదాకా వాళ్లు ఎండిన వంక ఇసుకలో చెలమలు తోడుకుని తాగారు.

వార్త మొత్తానికి ఒకే ముద్ర వేయడమే తప్పని నాకు తెలిసొచ్చింది. సుంకమ్మ ఏమన్నదో దానికి విలేకరి సాక్షి; నీళ్లకు కాడు. డ్రైవరు మాట చెప్పినప్పుడు ఆమె కూడా నీళ్లకు సాక్షి కాదు. ఆ సంగతి ఆమె నిజాయతీగా ఒక్క మాటలో చెప్పింది. చదువుకున్నవాళ్లం దాన్ని చెరిపేశాం. ప్రతి వాక్యాన్నీ విడిగా నిలదీయాలి.

మీ ఊరి గురించి తప్పు అచ్చయితే టీకొట్టు దగ్గర తిట్టుకుని ఊరుకోకండి. ఆ రోజే సంపాదకుడికి ఉత్తరం రాయండి. చూసింది ఎవరో పేరు అచ్చువేయమని అడగండి. వేసేదాకా రాస్తూనే ఉండండి.